బోరు నీళ్ళ తెల్లమచ్చలతో నాలుగు వారాలు

మేముండేది హైదరాబాద్‌లో, మియాపూర్ వైపు. వంటింట్లో ఒక నల్లాకి మంజీరా నీళ్ళు వస్తాయి. తాగడానికీ వండుకోవడానికీ అవే. మిగతా ఇల్లంతా బోరు నీళ్ళ మీదే నడుస్తుంది. ఆ నీళ్ళు పడి ఆరిన చోటల్లా తెల్లమచ్చ. నల్లాల మొదట్లో గార, సగం చిల్లులు మూసుకుపోయి గోడకి కొట్టే షవర్, బూడిద రంగుకి తిరిగిన నల్ల టైల్స్. ఇన్నేళ్ళూ బాత్రూం యాసిడ్ పోసి రుద్దేవాణ్ణి. ఈసారి వారానికో చోటు పట్టుకుని, రాసుకుంటూ చేశాను. ఆదివారం పొద్దున రెండు గంటలు దీనికే. ఇప్పుడు ఇది నాకు నిజంగా ఇష్టమైన పని అయింది.

మొదటి వారం ఏమీ కడగలేదు, నీళ్ళు చూసుకున్నాను. టీడీఎస్ మీటర్ 910 చూపించింది. కానీ అది నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెప్పే లెక్క. మచ్చలు వేసేది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. వాటి కోసం కాఠిన్యం చూసే స్ట్రిప్స్ తెప్పించాను. ముంచగానే రంగు 425 గడి దగ్గరికి వెళ్ళింది. ఆ స్ట్రిప్‌కి అదే చివరి గడి కాబట్టి అసలు సంఖ్య ఇంకా ఎక్కువే కావచ్చు. తాగునీటి కాఠిన్యానికి మన దేశపు ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు. మంజీరా నీళ్ళలో ముంచిన స్ట్రిప్ రంగు చాలా కింది గడి దగ్గరే ఆగిపోయింది. రెండు స్ట్రిప్‌లూ పక్కపక్కన పెట్టి అమ్మకి చూపిస్తే, "నేను సబ్బు నురగ చూసి ఎప్పుడో చెప్పాను కదరా" అంది.

రెండో వారం షవర్, నల్లాలు. వాడింది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, కిరాణా కొట్లో పొడిగా దొరికేదే. లీటరు గోరువెచ్చని నీళ్ళకి 50 గ్రాములు, అంటే మూడు పెద్ద చెంచాలు కాస్త నిండుగా. ప్లాస్టిక్ కవర్లో ఆ నీళ్ళు పోసి, షవర్ తల అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టాను. రెండు నిమిషాల్లో సన్నటి బుడగలు మొదలయ్యాయి. గారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, పులుపు తగిలితే అది కరుగుతూ గాలి వదులుతుంది. 45 నిమిషాలకి విప్పేశాను. రాత్రంతా ఉంచితే పైన మెరుపు పూత దెబ్బతినొచ్చు. చిల్లుల్ని పాత టూత్‌బ్రష్‌తో తోమితే తెల్లటి ముక్కలు రాలాయి. నల్లా చివర ఉండే జాలీ మూతని విప్పి గిన్నెలో నానబెట్టాను, లోపలి జల్లెడ మీద చిన్న చిన్న రాళ్ళు! మూత తిరిగి బిగించాక ధార మళ్ళీ నిటారుగా పడింది.

ఇక్కడ నాకు అర్థమైంది ఏమిటంటే, గార బలానికి పోదు, నానితే పోతుంది. నిలువు గోడ మీద నీళ్ళు ఆగవు కాబట్టి పాత కాటన్ గుడ్డని నిమ్మ ఉప్పు నీళ్ళలో తడిపి టైల్‌కి అంటించి 20 నిమిషాలు వదిలేశాను. టైల్స్ మధ్య వైట్ సిమెంట్‌ని కూడా పులుపు తింటుంది. అందుకే ముందు మామూలు నీళ్ళతో గోడంతా తడపాలి, అప్పుడు ఆ సందులు ముందే నీళ్ళు పీల్చుకుని ఉంటాయి. చివర్లో బాగా కడిగి వైపర్‌తో లాగేయాలి. ఆ పులుపు నీళ్ళు అక్కడే ఆరితే మళ్ళీ తెల్లపొర కడుతుంది. ఇంకోటి, ఇవి వాడే రోజు బ్లీచింగ్ పౌడర్ బాత్రూంలోకే తీసుకురావద్దు. యాసిడ్ ఏదైనా బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

ఆ ఉత్సాహంలో బుధవారం రాత్రి సింకు పక్కన కడప బండ మీద అదే గుడ్డ వేశాను. పది నిమిషాల తర్వాత తీసి చూస్తే గుడ్డ ఉన్నంత మేర నలుపు పోయి గరుకుగా, పాలిపోయి ఉంది. కడప బండ, తాండూరు బండ రెండూ సున్నపురాయే. గార దేనితో తయారైందో ఈ బండా దాంతోనే తయారైంది, రెండూ ఒకే పులుపుకి కరుగుతాయి. పాలరాయీ అంతే. చాలా బాధేసింది, అది మా నాన్న ఎంచి వేయించిన గట్టు. మీ ఇంట్లో ఏ రాయో తెలియకపోతే కనపడని మూలలో ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి, బుడగలు వస్తే పులుపు మానేయండి. అక్కడ గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి స్క్రబ్బర్, పొడిగుడ్డ, అంతే.

మూడో వారం బకెట్లు, మగ్గులు. లోపల చుట్టూ జిడ్డుగా ఉండేది ఒట్టి గార కాదు, సబ్బు కాల్షియంతో కలిసి కట్టిన పొర. ముందు గిన్నెల లిక్విడ్, తర్వాత నిమ్మ ఉప్పు. గంటలో అయిపోయింది.

నాలుగో వారం బాత్రూం గాజు తలుపు. కింది సగం తేటగా వచ్చింది. పైన మాత్రం కొన్ని చుక్కలు గుడ్డ నాలుగుసార్లు అంటించినా కదల్లేదు. వెలుతురుకి అడ్డంగా చూస్తే గాజే గరుకెక్కినట్టు కనిపిస్తోంది. వాటికి గాజు పాలిష్ పొడి ప్రయత్నించాలి. ఇప్పుడు తలుపు పక్కనే చిన్న వైపర్ తగిలించాను, స్నానం అయ్యాక ఎవరైనా సరే ఒకసారి పైనుంచి కిందికి లాగాలి. అర నిమిషం పని. మొదట్లో పిల్లలు మర్చిపోయేవాళ్ళు, ఇప్పుడు చిన్నది నాకంటే ముందు లాగుతోంది.

గీజర్ నేను ముట్టుకోలేదు. నీళ్ళు వేడెక్కినప్పుడే ఈ గార ఎక్కువ దిగుతుంది కాబట్టి లోపల కాయిల్ మీద మందంగానే ఉంటుంది. కరెంటు పని కాబట్టి మెకానిక్‌ని వచ్చే శనివారం రమ్మన్నాను. లోపలి మెగ్నీషియం రాడ్ కూడా చూడమని చెప్పాను, అది తాను అరిగిపోతూ ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది.

మిగిలిన నిమ్మ ఉప్పు నీళ్ళు నిన్న అమ్మ స్టీలు బిందె మీద పెట్టాను. పెళ్ళిలో సారెగా వచ్చింది, మెడ కింద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు కొట్టించారు. ఏళ్ళ తరబడి ఆ చుక్కల్లో సున్నం కూరుకుపోయి పేరు చదవడానికి వచ్చేది కాదు. పావుగంట గుడ్డ చుట్టి, టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమితే ఇంటిపేరు, తర్వాత సగం పేరు బయటపడ్డాయి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వేలితో తడుముతూ చదువుకుంది. చివరి రెండక్షరాల్లో ఇంకా తెలుపు ఉంది. ఈ ఆదివారం ముందు అదే పని.