నాలుగు గళ్ల బొగ్గుపులుసు

“పులుసు అన్నంలో కలుపుకునేది కదా నాన్నా, ఊపిరిలోకి ఎలా వస్తుంది? ఆ మాట నేను అనను” అంది మా అమ్మాయి.

ఏడో తరగతి సైన్సు పాఠం, పీల్చే గాలికీ వదిలే గాలికీ తేడా. కార్బన్ డయాక్సైడును ఇంట్లో బొగ్గుపులుసు వాయువు అనాలని నేను పట్టుబట్టాను. బడిలో ఇంగ్లిష్, వీధిలో తమిళం. ఇక తెలుగుకు మిగిలింది చెన్నై వేళచ్చేరిలోని ఈ రెండు గదులే కదా అని నా బెంగ.

ఆ బెంగలో పాఠమే తప్పు చెప్పాను. ఆక్సిజన్ పీలుస్తాం, బొగ్గుపులుసు వాయువు వదులుతాం అన్నాను. ఆమె పుస్తకంలోని పట్టిక తెచ్చి చూపించింది. పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలే గాలిలో దాదాపు 17. మనం వాడుకునేది అందులో కొంతే. ఊపిరి ఆగినవారికి నోటితో గాలి ఊది ప్రాణం నిలపగలిగేది అందుకే.

ఇద్దరం కింద కూర్చుని గళ్ల కాగితం మీద వంద గళ్లు లెక్కపెట్టుకున్నాం. నీటి ఆవిరిని పక్కన పెట్టాం. నత్రజనికి 78 నీలం గళ్లు, ఆక్సిజన్‌కు 21 ఎరుపు. ఒక్క గడి మిగిలింది. అందులో దాదాపు అంతా ఆర్గాన్ అనే వాయువే. బొగ్గుపులుసు వాయువు 0.04 శాతం, అంటే ఆ ఒక్క గడిని 25 ముక్కలు చేస్తే ఒక ముక్క. పెన్సిలు సన్నగా చెక్కి, ఊపిరి బిగబట్టి, ఒక చుక్క పెట్టింది. రెండో కాగితం వదిలే గాలికి. నీలం కదలలేదు, ఎరుపు 17 దగ్గర ఆగింది. చుక్కకు బదులు నిండుగా నాలుగు గళ్లు వచ్చాయి.

“అది నాలుగు తగ్గింది, ఇది నాలుగు పెరిగింది, సరిపోయింది” అన్నాను.

“సరిపోలేదు నాన్నా. ఆక్సిజన్ ఉన్నదాంట్లో ఐదో వంతు తగ్గింది. ఇది వంద రెట్లయింది.”

దేనితో పోల్చి చూస్తున్నామో ముందు చెప్పాలని ఆమెకు తెలిసింది. నేను మాత్రం ఇన్నేళ్లుగా ఆమె తెలుగును ఒంగోలులో గడిచిన నా బాల్యంతో పోల్చి, తక్కువని బాధపడుతున్నాను. అక్కడ తెలుగు నత్రజనిలా చుట్టూ నిండి ఉండేది. నేను ప్రత్యేకంగా నేర్చుకున్నదేమీ లేదు.

పోయిన ఏడాది ఇంట్లో తెలుగు తప్ప వినపడకూడదని నియమం పెట్టాను. మూడు రోజులు ఆమె భోజనం దగ్గర నోరు విప్పలేదు. నాలుగో రోజు ఆమెను మందలించింది నేనే, అదీ ఇంగ్లిష్‌లో. కోపం వస్తే నాకు ఆ భాషే వస్తుంది. ఆ ముఖం ఇంకా మరచిపోలేదు.

తమిళంలో ఇదే వాయువును కరియమిల వాయు అంటారని ఆమే చెప్పింది. కరి అంటే బొగ్గు, అమిలం అంటే ఆమ్లం. మన పులుసు అన్నా ఆమ్లమే. అచ్చంగా మన మాటే! అయినా ఆ మాటకు ఆమెకు నవ్వు రాలేదు. 2006 నాటి చట్టం ప్రకారం ఇక్కడ పదో తరగతి దాకా తమిళం చదవాలి. ఆ పుస్తకం ఆమెది, ఆ పరీక్ష ఆమెది. నా మాటకు నా పట్టుదల తప్ప ఏ ఆధారమూ లేదేమో అనిపించింది.

శాస్త్రపు మాటలు పిల్లలకు ఇంట్లో తెలుగులో చెప్పండని తోటి తల్లిదండ్రులకు రాద్దామనే కూర్చున్నాను. చెప్పాలనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ పలకనన్న పిల్ల చేత పలికించాలా అంటే జవాబు తెలియడం లేదు.

కాగితాలు రెండూ వంటింటి గోడకు అంటించింది. నీలం గళ్ల మీద ఇంగ్లిష్‌లో నైట్రోజన్ అనీ, నాలుగు గళ్ల కింద తమిళంలో కరియమిల అనీ రాసింది. దాని పక్కన కాస్త జాగా ఉంది. కావాలనే వదిలిందో, కాగితం మిగిలిపోయిందో, నేను అడగలేదు.