శనివారం కప్పు, మంగళవారం రెలిగేషన్

2013 మే 11, శనివారం. మన గడియారం ప్రకారం రాత్రి 9:45కి లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్‌ల నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్ మొదలైంది. ఒకవైపు అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్ ఛాంపియన్‌గా నిలిచిన మాంచెస్టర్ సిటీ, మరోవైపు ప్రీమియర్ లీగ్ పట్టికలో కింది మూడు స్థానాల్లో, అంటే సీజన్ చివర కింది డివిజన్‌కు దింపేసే (రెలిగేషన్) స్థానాల్లో, చిక్కుకుపోయి ఉన్న విగన్ అథ్లెటిక్. ఆ జట్టుకు నేను అభిమానిగా ఎందుకు మారానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను గానీ, ఆ రాత్రి 91వ నిమిషంలో షాన్ మలోనీ కార్నర్ తీసుకోవడానికి బంతిని సర్దుకుంటున్నప్పుడు నేను కుర్చీలో కూర్చోలేకపోయిన సంగతి మాత్రం బాగా గుర్తుంది. గోల్ లేకుండా మ్యాచ్ అదనపు సమయంలోకి వెళ్తుందనే అందరం అనుకున్నాం. పది నిమిషాల కిందటే మైదానంలోకి వచ్చిన బెన్ వాట్సన్ దగ్గరి పోస్టు వైపు పరుగు తీసి, తనను కాపు కాస్తున్న రాడ్‌వెల్ కంటే ముందు పైకి లేచి, తలతో బంతిని అలా తాకించాడు. అది సిటీ గోల్‌కీపర్ జో హార్ట్ మీదుగా వంపు తిరిగి వలలో పడింది. ఆరు నెలల కిందట, నవంబర్‌లో, లీగ్ మ్యాచ్‌లో కాలు విరిగి మంచాన పడ్డ మనిషి ఆ వాట్సన్.

మూడు రోజుల తర్వాత, మంగళవారం అర్ధరాత్రి దాటాక, అదే జట్టు ఆర్సెనల్ మైదానంలో 4-1 తేడాతో ఓడి, ఎనిమిది సీజన్లుగా నిలబెట్టుకున్న ప్రీమియర్ లీగ్ స్థానాన్ని పోగొట్టుకుంది. 1871లో పుట్టిన ఎఫ్ఏ కప్ చరిత్రలో కప్పు గెలిచిన సీజన్‌లోనే రెలిగేట్ అయిన మొదటి క్లబ్ విగన్. ఫైనల్ దాకా వచ్చి ఓడి, ఆపైన కింది డివిజన్‌కు దిగిపోయినవారు అంతకు ముందు ఉన్నారు. 1926లో మాంచెస్టర్ సిటీ, 1969లో లెస్టర్, 1983లో బ్రైటన్, 1997లో మిడిల్స్‌బ్రో, 2010లో పోర్ట్స్‌మత్ అలాంటివే. ఇంగ్లండ్‌లోని మరో నాకౌట్ పోటీ అయిన లీగ్ కప్ గెలిచి కూడా దిగిపోయిన నార్విచ్ 1985లో, బర్మింగ్‌హామ్ 2011లో కనిపిస్తాయి. ఎఫ్ఏ కప్‌ను చేతికి అందుకుని దిగిపోయినవారు మాత్రం అప్పటికి ఎవరూ లేరు.

ఆ సీజన్ గురించి మాట్లాడేటప్పుడు విగన్ కప్పు మోజులో పడి లీగ్‌ను వదిలేసుకుందని చాలామంది అనేస్తారు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే లెక్కలు ఆ మాటను బలపరచవు. కప్‌లో విగన్ ఆడినవి మొత్తం 7 మ్యాచ్‌లు. బోర్న్‌మత్‌తో 1-1, డ్రా అయినందుకు మళ్లీ ఆడిన రీప్లేలో 1-0, మాకిల్స్‌ఫీల్డ్ మీద 1-0, హడర్స్‌ఫీల్డ్ మీద 4-1, ఎవర్టన్ మీద 3-0, సెమీఫైనల్లో మిల్‌వాల్ మీద 2-0, ఫైనల్లో 1-0. ఏడింటిలో ప్రత్యర్థులకు ఇచ్చినవి రెండే రెండు గోల్స్. అదే జట్టు లీగ్‌లో 38 మ్యాచ్‌లకు 73 గోల్స్ ఇచ్చుకుంది. ఆ ఏడాది సరిగ్గా అన్నే గోల్స్ ఇచ్చిన మరో జట్టు రీడింగ్ ఒక్కటే, అది కూడా దిగిపోయింది. కప్‌లో ఎదురైనవాళ్లలో ఎక్కువమంది కింది డివిజన్ల వాళ్లే గనుక ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదని నాకు తెలుసు. అయినా, మార్చి 2న సొంత మైదానంలో లివర్‌పూల్ చేతిలో 4-0తో చితికిపోయిన జట్టే మార్చి 9న గుడిసన్ పార్క్‌కు వెళ్లి, అరగంట ఆట గడిచాక నాలుగు నిమిషాల లోపే మూడు గోల్స్ కొట్టి ఎవర్టన్‌ను కప్ నుంచి బయటికి పంపింది. వారం తేడాతో అదే మనుషులు, అదే కోచ్. రెండు వేర్వేరు జట్లను చూసినట్టు అనిపించింది నాకు.

నా అభిప్రాయంలో కప్‌లో గెలుపూ లీగ్‌లో ఓటమీ ఒకే లక్షణం నుంచి పుట్టాయి. కోచ్ రాబర్టో మార్టినెజ్ జట్టు వెనక నుంచి బంతిని చిన్న పాస్‌లతో పైకి తెచ్చేది, రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లైన వింగ్‌బ్యాక్‌లను చాలా ముందుకు పంపేది, ఎదుట ఎంత పెద్ద జట్టున్నా భయపడి వెనక్కి జరిగేది కాదు. ఒక్క మ్యాచ్‌లో తేలిపోయే పోటీలో ఆ ధైర్యం ఎవరినైనా పడగొట్టగలదు. ఫైనల్లో విగన్ ఆటగాడు కాలం మెక్‌మనమన్ బంతి అందిన ప్రతిసారీ సిటీ రక్షకుల మీదికి నేరుగా వెళ్లాడు, 84వ నిమిషంలో అతణ్ణి పడేసినందుకే పాబ్లో జబలేటా రెండో యెల్లో కార్డుతో బయటికి నడవాల్సి వచ్చింది. కానీ లీగ్ 38 మ్యాచ్‌ల లెక్క. అక్కడ ప్రతి ధైర్యానికీ వెనక ఒక ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలన్నీ ఆగస్టు నుంచి మే దాకా ఒకే ఖాతాలో పడుతూ పోతాయి. డిఫెండర్లు వరుసగా గాయపడితే వాళ్ల స్థానంలో దింపడానికి సరైనవాళ్లు లేని చిన్న క్లబ్‌కు ఆ ఖాతా ఇంకా త్వరగా నిండుతుంది.

మరో కారణం కూడా ఉంది, అది అభిమానులమైన మాకూ అంటుకున్నది. 2012 వసంతంలో విగన్ చివరి 9 మ్యాచ్‌లలో 7 గెలిచి రెలిగేషన్ నుంచి బయటపడింది. లివర్‌పూల్‌ను, ఆర్సెనల్‌ను వాళ్ల మైదానాల్లోనే ఓడించింది, మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో, న్యూకాజిల్‌ను 4-0తో ఓడించింది. దాంతో ఏప్రిల్ వస్తే విగన్‌ను ఎవరూ ఆపలేరన్న నమ్మకం బలపడిపోయింది. జనవరిలో, ఫిబ్రవరిలో పోయిన పాయింట్లను ఎవరూ పోయినవిగా లెక్కపెట్టలేదు. నేనూ లెక్కపెట్టలేదు. పట్టిక చూసి, ఇంకా టైం ఉందిలే అనుకునేవాణ్ణి.

2013 ఏప్రిల్ ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు. 27న టోటెన్‌హామ్ మీద 2-1తో ఆధిక్యంలో ఉన్నప్పుడు, 89వ నిమిషంలో ఎమర్సన్ బాయిస్ నుంచి బంతి సొంత గోల్‌లోకి వెళ్లిపోయి మ్యాచ్ 2-2 అయింది. ఆ మ్యాచ్‌లో విగన్ తరఫున మొదటి గోల్ కొట్టినవాడూ బాయిసే. మళ్లీ అదే బాయిస్ రెండు వారాల తర్వాత ఫైనల్లో కెప్టెన్‌గా జట్టును నడిపించి, గాయాలతో సతమతమైన క్లబ్ కెప్టెన్ గ్యారీ కాల్డ్‌వెల్‌తో కలిసి కప్పును పైకెత్తాడు. మే 7న స్వాన్సీతో సొంత మైదానంలో రెండుసార్లు ఆధిక్యం సంపాదించి, రెండుసార్లూ పోగొట్టుకుని, చివరికి 3-2తో ఓడిపోవడం నా మట్టుకు అసలైన దెబ్బ. దిగిపోయింది ఆర్సెనల్ చేతిలోనే అయినా, స్వాన్సీ రాత్రి టీవీ కట్టేసినప్పుడే నాకు అంతా అర్థమైపోయింది.

స్వాన్సీ మంగళవారానికీ ఆర్సెనల్ మంగళవారానికీ మధ్యలో వచ్చింది కప్ ఫైనల్ శనివారం. అప్పటి విగన్ యజమాని డేవ్ వీలన్ 1960లో బ్లాక్‌బర్న్ రోవర్స్ తరఫున ఇదే కప్ ఫైనల్ ఆడుతూ, విరామానికి కాస్త ముందు కాలు విరగ్గొట్టుకున్నారు. అప్పట్లో బదులు ఆటగాణ్ణి దింపే నియమం లేదు. పదిమందితో మిగిలిన బ్లాక్‌బర్న్ 3-0తో ఓడిపోయింది. 53 ఏళ్ల తర్వాత ఆయన మార్టినెజ్ పక్కన నడుస్తూ విగన్ జట్టును వెంబ్లీ మైదానంలోకి తీసుకువచ్చారు. 1978 దాకా ఇంగ్లండ్ పై డివిజన్లు ఉండే ఫుట్‌బాల్ లీగ్‌లో చోటే దొరకని క్లబ్ అది. ఆ నడకను చూస్తుంటే స్కోరు ఏమైనా సరే, ఇది చాలు అనిపించింది నాకు. అంతటితో ఆగలేదు, గెలుపు కూడా వచ్చింది.

మంగళవారం ఆర్సెనల్ మైదానం ఎమిరేట్స్‌లో గెలిచి తీరాల్సిన పరిస్థితి. ఆర్సెనల్ తరఫున పొడోల్స్కీ ముందే గోల్ కొట్టినా, విరామానికి ముందు మలోనీ ఫ్రీకిక్ నేరుగా వలలో పడి 1-1 అయ్యేసరికి ఏడాది కిందటి ఏప్రిల్ మళ్లీ వచ్చిందని ఒక పావుగంట నిజంగా నమ్మాను. 63వ నిమిషం నుంచి 71వ నిమిషం లోపు ఆర్సెనల్ మూడు గోల్స్ కొట్టింది. అలసట పాత్ర లేదని అనను. మూడు రోజుల ముందు 90 నిమిషాలు సిటీ వెంట పరుగెత్తిన కాళ్లు అవి. కానీ విగన్ చివరికి 36 పాయింట్లతో 18వ స్థానంలో ఆగింది, దాని పైన సండర్లాండ్ 39తో నిలిచింది. ఆ తేడా మే నెలలో ఏర్పడింది కాదు.

కప్పుకు బదులు లీగ్‌లో నిలబడటం దొరికితే పుచ్చుకునేవాడివా అని ఒక మిత్రుడు అడిగాడు. డబ్బు లెక్కన ఇది అడగాల్సిన ప్రశ్నే కాదు. కప్ ఫైనల్ గెలిచినందుకు వచ్చేది 18 లక్షల పౌండ్లు. కొత్త టీవీ ఒప్పందం మొదలైన ఆ మరుసటి సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకే 6 కోట్ల పౌండ్లకు పైగా ముట్టింది. అయినా మార్చుకోను అని చెప్పాను. విగన్ పద్దెనిమిదో స్థానానికి బదులు పదిహేడో స్థానంలో ఆగి ఉంటే నేను ఈపాటికి ఆ సీజన్‌ను మరిచిపోయేవాణ్ణి. అలాగని దిగిపోవడం చిన్న సంగతి అని నేననను. ఆ వేసవిలో మార్టినెజ్ ఎవర్టన్‌కు వెళ్లిపోయాడు, ఆయన వెనకే గోల్‌కీపర్ రోబ్లెస్, అల్కరాజ్, కోనే, మెకార్తీ వెళ్లారు. మార్చిలో తాము 3-0తో గెలిచిన మైదానమే వాళ్ల సొంత మైదానమైంది.

మిగిలినవాళ్లు రెండో డివిజన్‌లో ఆడుతూనే, 2014 మార్చిలో మాంచెస్టర్ సిటీని వాళ్ల ఇంట్లోనే 2-1తో కప్ నుంచి మళ్లీ బయటికి పంపారు. ఏప్రిల్‌లో వెంబ్లీ సెమీఫైనల్లో ఎదురైంది ఆర్సెనల్. జోర్డీ గోమెజ్ పెనాల్టీతో విగన్ ముందుకు వెళ్లింది, 82వ నిమిషంలో మెర్టెసాకర్ సమం చేశాడు, ఆట పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. విగన్ తరఫున మొదటి కిక్ తీసుకోవడానికి నడిచి వచ్చినవాడు కాల్డ్‌వెల్. పదకొండు నెలల ముందు అదే వెంబ్లీలో బాయిస్‌తో కలిసి కప్పు ఎత్తిన మనిషి. అతని కిక్‌ను ఆర్సెనల్ గోల్‌కీపర్ ఫాబియాన్స్కీ ఆపేశాడు.