నూలుతో అల్లిక: ఊలు నమూనాలు పక్కన పెడితేనే

శ్రీకాకుళంలో స్వెట్టరు నిజంగా అవసరమయ్యేది మార్గశిర, పుష్య మాసాల తెల్లవారుజాముల్లో మాత్రమే. అయినా అల్లిక అనగానే అందరికీ ఊలు ఉండే గుర్తుకు వస్తుంది. బజారులో ఊలు పేరుతో చవకగా దొరికే ఉండల్లో చాలావరకు పెట్రోలియం నుంచి తయారైన ఆక్రిలిక్ దారమే కనుక, మన ఊళ్ళో అల్లేవారు నిజంగా తేల్చుకోవలసింది ప్లాస్టిక్ కావాలా, పత్తి కావాలా అన్నది. నేను పత్తినే ఎంచుకున్నాను. అయితే ఊలు కోసం రాసిన నమూనాను నూలుతో యథాతథంగా అల్లితే బాగా రాదని, దోషం నూలుది కాదని ముందే చెప్పాలి.

ఊలు పోగుకు పుట్టుకతోనే వంకులు ఉంటాయి. లాగితే సాగుతుంది, వదిలితే తిరిగి ముడుచుకుంటుంది; మణికట్టు దగ్గర, నడుము అంచున వేసే పట్టీ ఒంటిని పట్టుకొని ఉండేది ఆ గుణం వల్లనే. పత్తికి ఆ గుణం లేదు. పైగా పత్తి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.54 గ్రాములు, ఊలుది సుమారు 1.31 గ్రాములు కనుక, నూలుతో అల్లిన పొడవాటి చొక్కా తన బరువుకు తానే కిందికి సాగుతుంది. అందుకని అంచు పట్టీలను ఒకటి రెండు సైజులు సన్నని సూదులతో బిగువుగా అల్లుతాను. భుజాల దగ్గర, పక్కల కుట్టు తప్పనిసరిగా పెడతాను. అతుకు లేకుండా గుండ్రంగా అల్లడం చూడటానికి ముచ్చటగా ఉన్నా, నూలు చొక్కాను నిలబెట్టేది ఆ అతుకు కుట్లే. కొలతకు అల్లిన చిన్న ముక్కను ఉతికి ఆరబెట్టిన తరువాతే అల్లిక కుట్లు లెక్కపెట్టాలి. ఉతికిన చొక్కాను దండెం మీద వేలాడదీయకుండా చాప మీద పరిచి ఆరబెట్టాలి.

ఇంత శ్రమకు ప్రతిఫలం లేకపోలేదు. నూలు చెమటను పీల్చుకుంటుంది, ఒంటికి గుచ్చుకోదు. ఊలు పోగు మీది పొలుసులు వేడినీటిలో, రాపిడిలో ఒకదానికొకటి చిక్కుకొని బట్ట కుంచించుకుపోతుంది. పత్తికి పొలుసులు లేవు కనుక ఆ బెడద లేదు. తడిసినప్పుడు పత్తి పోగు బలం పెరుగుతుంది కూడా. వెదురు దారం పేరుతో వచ్చేది చాలావరకు విస్కోస్, అంటే మొక్కల గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన దారం. అది మెత్తగా మెరుస్తుంది కానీ తడిస్తే బలహీనపడుతుంది, తయారీలో వాడే కార్బన్ డైసల్ఫైడు విషపదార్థం. దానిని మొక్క దారంగా మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు.

పక్కనే ఖద్దరుకు పేరుపడిన పొందూరు ఉండగా మిల్లు నూలు ఎందుకని కొందరు మిత్రులు అడుగుతుంటారు. కొండపత్తి, పునాసపత్తి పింజలను వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద అక్కడి స్త్రీలు తీసే నూలు 100 కౌంటు వరకు వెళుతుంది. కౌంటు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయన్న లెక్క. ఆ ప్రకారం 100 కౌంటు నూలు ఒక్క గ్రాముకు సుమారు 169 మీటర్ల పొడవు వస్తుంది. చొక్కా అల్లడానికి నేను వాడే మధ్యరకం నూలు గ్రాముకు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. అంటే పొందూరు పోగులను సుమారు 70 కలిపి పురి పెడితే గాని అల్లికకు తగిన మందం రాదు. అంత సన్నగా తీసిన పనితనాన్ని మళ్ళీ లావు చేయడం నా దృష్టిలో అన్యాయం. ఆ నూలు మగ్గానికే పోవాలి. ఆ ఖద్దరును కొని కట్టుకోవడమే మనం దానికి ఇవ్వగల గౌరవం. అల్లికకు ఆరేడు పేటలు కలిపి వదులుగా పురి పెట్టిన మిల్లు నూలు చాలు. మెర్సరైజ్ చేసినదైతే మెరుపు, రంగు బాగుంటాయి. కాస్టిక్ సోడాతో నూలును బలపరిచే ఆ పద్ధతికి జాన్ మెర్సర్ 1850లో పేటెంటు పొందాడు. జారే స్వభావం ఉన్న ఆ నూలుకు లోహపు సూదుల కంటే వెదురు సూదులు మేలు, కుట్లు జారిపోవు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పండే గోగునారను ఒంటి బట్టకు నేను సూచించను, గరుకుగా ఉంటుంది. కూరగాయల సంచికి మాత్రం దానిని మించినది లేదు. పురికొసను కొద్దిగా తడిపితే మెత్తబడి వేళ్ళను కోయదు. సంచి అడుగును క్రోషియాతో దగ్గర దగ్గరగా వేసి, పక్కలను వలలా వదులుగా అల్లాలి. పిడులను మాత్రం రెండు పేటల పురికొసతో వేయకపోతే ఉల్లిపాయల బరువుకు సాగిపోతాయి.