14.100 మీద మూడు నెలలు: గీతలు, గడియారం, చార్జర్

షార్ట్‌వేవ్ రేడియోలో 14.100 మెగాహెర్ట్జ్ మీద బీకన్లు, అంటే సిగ్నల్ ఎక్కడిదాకా అందుతోందో తెలియడానికి తమ పేరు పలికే స్టేషన్లు, వినడం మొదలుపెట్టి మూడు నెలలైంది. అందులో మొదటి నెల రాతలన్నీ కొట్టేశాను.

ప్రపంచంలో వేర్వేరు చోట్ల ఉన్న 18 బీకన్లు ఈ ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా పలుకుతాయి. ఒక్కోదానికి 10 సెకన్లు, మొత్తం చుట్టు తిరగడానికి 3 నిమిషాలు. తన వంతు కాగానే బీకన్ 18.110కి వెళ్తుంది, ఆ తర్వాత 21.150, 24.930, 28.200. రిసీవర్ తిప్పుకుంటూ దాని వెంటపడితే 50 సెకన్లలో ఐదు బ్యాండ్లలో అక్కణ్ణుంచి నా దాకా సిగ్నల్ దారి ఎలా ఉందో తెలిసిపోతుంది. కాల్‌సైన్, అంటే స్టేషన్ గుర్తింపు పేరు, మోర్స్‌లో నిమిషానికి 22 పదాల వేగంతో వస్తుంది. అంత వేగం నాకు అందదు. అందుకే గడియారం చూసి, ఆ వంతు ఎవరిదో పట్టికలో వెతికి రాసుకునేవాణ్ణి.

అక్కడే బోల్తా పడ్డాను. కంప్యూటర్ గడియారం దాదాపు 10 సెకన్లు ముందుంది. ఫిన్లాండ్ వినిపిస్తోందని రోజూ మురిసిపోయాను కానీ, అది దానికి ముందు వంతు ఇజ్రాయెల్‌ది. రికార్డింగ్‌ను సగం వేగంతో వింటే మొదట నాలుగు చుక్కలు, ఒక గీత, అంటే అంకె 4. ఫిన్లాండ్‌దైతే మూడు గీతలతో మొదలవ్వాలి. ఇప్పుడు కూర్చోగానే ముందు టైమ్ సింక్ చేస్తాను. లాగ్ అంతా యూటీసీలోనే, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే.

కాల్‌సైన్ తర్వాత ఒక్కో సెకను పొడవున నాలుగు గీతలు వస్తాయి. మొదటిది 100 వాట్లు, తర్వాత 10, 1, 0.1. ఎన్ని వినిపిస్తే ఆ అంకె వేస్తాను. మూడు వినిపించాయంటే 100 వాట్ల సిగ్నల్‌కి ఇంకా కనీసం 20 డీబీ (డెసిబెల్, అంటే వంద రెట్లు) మిగులు ఉన్నట్టు. రిసీవర్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ కన్నా నాకు ఇదే నచ్చింది. మీటర్ సూది రొదకీ లేస్తుంది. గీతల లెక్కలో రొదను దాటి వచ్చిందే పడుతుంది. నాలుగో గీత కోసం ఊపిరి బిగబట్టాలి. నిజంగా విన్నానా, విన్నట్టు అనిపించిందా అని అనుమానం వస్తే వెయ్యను. అలాగే ఒక బీకన్ అసలు పలకకపోతే ఆ దారి మూసుకుపోయిందని రాయను, ఆ స్టేషనే ఆగిపోయి ఉండొచ్చు.

రెండో నెలంతా సాయంత్రాలు రెండు గీతలు దాటలేదు. సోలార్ ఫ్లక్స్ (సూర్యుడి రేడియో తరంగాల బలం, ఎక్కువుంటే మంచిది) బాగానే ఉంది, కే ఇండెక్స్ (భూ అయస్కాంత అలజడి, తక్కువుంటే మంచిది) 2. అంకెలు బాగున్నాయి, బ్యాండ్ బాగాలేదు! చివరికి ఒకరోజు లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే మూడో గీత వినిపించింది. చార్జర్ రొదే దాన్ని కప్పేస్తుంటే, అన్నాళ్లూ సిగ్నల్‌ని కిందికి తిప్పి పంపే పై వాతావరణాన్ని, అయనోస్ఫియర్‌ని ఆడిపోసుకున్నాను.

ఈ నెల కథ తిరగబడింది. ఒక మధ్యాహ్నం 14.100 ఉన్నట్టుండి మూగబోయింది. తెలివి వచ్చింది కదా అని చార్జర్ చూశాను, గడియారం చూశాను, కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) కనెక్టర్ విప్పి తుడిచి మళ్లీ బిగించాను. మార్పు లేదు. ఈలోపు 28.200లో బలహీనంగా ఒక గీత, కాసేపటికి రెండు. తర్వాత 21.150 లేచింది. అన్నిటికన్నా ఆలస్యంగా 14.100. పైనుంచి కిందికి తెరుచుకుంటోందని గమనించాక గానీ సౌరజ్వాల సంగతి తట్టలేదు. సూర్యుడి ఎక్స్-రే గ్రాఫ్ తెరిస్తే ఆ సమయానికే ముల్లులా లేచి ఉంది. ఆ కిరణాలు సూర్యుడి నుంచి 8 నిమిషాల్లో చేరి, పగలున్న వైపు అయనోస్ఫియర్‌లో అన్నిటికన్నా కిందుండే డి పొరలో అయనీకరణం పెంచేస్తాయి. అది తక్కువ ఫ్రీక్వెన్సీలను ఎక్కువగా మింగుతుంది. కే ఇండెక్స్ మాత్రం ఆ పూటంతా 1 దగ్గరే ఉంది. అది భూ అయస్కాంత క్షేత్రంలో అలజడిని కొలిచేది, దీన్ని పట్టుకోదు.

ఇప్పుడు మూగబోతే ముందు 28.200 వింటాను, తర్వాత ఎక్స్-రే గ్రాఫ్, ఆపైనే స్పానర్. కనెక్టర్ మాత్రం తళతళలాడుతోంది.