ఎడమ మలుపులో ఆగిపోయే ఇంజిన్

మూడు వారాలుగా నా పనిబల్ల మీద ఒక పాత డీజిల్ ఇంజిన్ నమూనా వెల్లకిలా పడి ఉంది. ఇది హెచ్‌ఓ స్కేలుది, అంటే అసలు ఇంజిన్‌లో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. తిన్నని దారిలో చక్కగా నడిచేది, కుడివైపు మలుపు తిరిగేటప్పుడూ ఇబ్బంది పెట్టేది కాదు. ఎడమ మలుపులోకి దిగగానే మాత్రం ముందు దీపం ఒకసారి మిణుకుమని ఆరిపోయి, ఇంజిన్ అక్కడే నిలిచిపోయేది. వేలితో కాస్త కదిపితే ఏమీ జరగనట్టు మళ్లీ బయలుదేరేది.

ఇలాంటప్పుడు అందరూ మొదట చేసే పనే నేనూ చేశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు గుడ్డతో పట్టాలు తుడిచాను, చక్రాల అంచుల మీద పేరుకున్న నల్లటి మడ్డిని గోకాను. ఫలితం లేదు. అదే మలుపులో మరో ఇంజిన్‌ను నడిపితే ఎక్కడా ఆగలేదు కాబట్టి దోషం పట్టాలది కాదని తేలింది. తర్వాత ఊరికే చూద్దామని, మొరాయించే ఇంజిన్‌నే ముందు వెనుకలు మార్చి అదే మలుపు మీద నిలబెడితే సాఫీగా సాగిపోయింది. అప్పుడు నాకు దాని విలువ పూర్తిగా అర్థం కాలేదు గానీ, రోగం పేరు చెప్పింది ఆ పరీక్షే. ఇంజిన్‌ను తిప్పి పెట్టినప్పుడు మలుపు కేంద్రం దాని ఎడమవైపు నుంచి కుడివైపుకు మారుతుంది, అందువల్ల బోగీ (పెట్టె కాదు, ఇంజిన్ కింద చక్రాలను పట్టుకుని మలుపులో అటూ ఇటూ తిరిగే చట్రం) కూడా రెండో వైపుకే తిరుగుతుంది. అంటే బోగీ ఒక దిశలో తిరిగినప్పుడు మాత్రమే లోపల ఏదో విడిపోతోందన్నమాట.

ఈ ఇంజిన్‌లో కరెంటు నడిచే దారి కొంచెం చెప్పాలి. ఇప్పటి నమూనాలు చాలావరకు రెండు బోగీల నుంచీ, రెండు పట్టాల నుంచీ కరెంటు తీసుకుంటాయి. నా దగ్గరున్న పాత రకంలో ముందు బోగీ ఒక పట్టా నుంచి మాత్రమే, మోటారు ఉన్న వెనుక బోగీ రెండో పట్టా నుంచి మాత్రమే తీసుకుంటాయి. పైగా వెనుక బోగీలో రెండు చక్రాలకు పట్టు కోసం రబ్బరు పట్టీలు తొడిగారు, వాటి గుండా కరెంటు పారదు. కాబట్టి ముందు బోగీ నుంచి మోటారుకు వెళ్లే ఒక్క తీగ తెగినా బండి నిలిచిపోవాల్సిందే, ఆదుకోవడానికి మరో దారి లేదు.

మోటారు బ్రష్‌లకు, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలకు, నేరుగా 12 వోల్టులు ఇస్తే అది హాయిగా తిరిగింది. మిగిలింది చక్రానికీ మోటారుకూ మధ్యనున్న దారి. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (కరెంటు దారి తెగకుండా ఉంటే బీప్ మనే అమరికలో) పెట్టి ఒక ముల్లు చక్రానికి, మరొకటి బ్రష్‌కు ఆనిస్తే బీప్ మంది. మోటారు తీగ విడదీసి వోల్టేజీ కొలిస్తే 12 వోల్టులూ నిక్షేపంగా ఉన్నాయి. ఈ రెండు కొలతలనూ నమ్మి రెండు సాయంత్రాలు వృథా చేసుకున్నాను.

మీటరు అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన ప్రశ్నే తప్పు. చాలా మీటర్లు కొన్ని పదుల ఓముల నిరోధం ఉన్నా బీప్ మంటాయి. మోటారు నిరోధం 20 ఓములు, చెడిన అతుకు నిరోధం 30 ఓములు అనుకుంటే, కదలకుండా నిలబడి ఉన్న మోటారుకు 12 వోల్టులలో దక్కేది 4.8 వోల్టులే, మిగతాదంతా అతుకు దగ్గరే ఖర్చయిపోతుంది. మోటారును తీసేసి కొలిచినప్పుడు మాత్రం మీటరు లాగే కరెంటు ఎంతో స్వల్పం కనుక అతుకు దగ్గర తగ్గేదేమీ ఉండదు, పూర్తి 12 వోల్టులూ కనిపిస్తాయి. అందువల్ల వోల్టేజీని మోటారు తగిలించి ఉండగానే కొలవాలి, నిరోధాన్ని బీప్‌తో కాక అంకెల్లో చూడాలి, అది కూడా బోగీని అటూ ఇటూ తిప్పుతూ చూడాలి.

అలా చూస్తే అసలు సంగతి నిమిషంలో బయటపడింది. బోగీ తిన్నగా ఉన్నప్పుడు ఒక ఓముకు లోపే చూపించిన మీటరు, బోగీని ఎడమకు తిప్పగానే దారి తెగినట్టు చూపించింది. తీగ పైతొడుగు కొత్తదానిలా ఉంది. టంకం పెట్టిన చోటుకు మూడు మిల్లీమీటర్ల దూరంలో వేళ్లతో నొక్కితే అక్కడ మాత్రం లోపల ఎముక లేనట్టు మెత్తగా వంగింది. కోసి చూస్తే సన్నని రాగి పోగులన్నీ ఒకే గీత మీద తెగి ఉన్నాయి, తొడుగు ఒత్తిడికి మాత్రమే ఒకదానికొకటి తాకుతున్నాయి. టంకం కరిగినప్పుడు పోగుల మధ్యకు పాకి కొంత దూరం తీగను పుల్లలా గట్టిపరుస్తుంది. ఆ గట్టి భాగం ముగిసే చోటే బోగీ తిరిగిన ప్రతిసారీ తీగ వంగుతుంది కనుక అక్కడే తెగుతుంది.

ఎక్కువ పోగులున్న, సిలికాన్ తొడుగు ఉన్న మెత్తని తీగను కొంచెం వదులుగా, ఒక చిన్న మెలిక వచ్చేలా అమర్చి మళ్లీ టంకం పెట్టాను. అతుకు మీద వేడికి బిగుసుకునే గొట్టం తొడిగాను.

మోటారే అనుమానాస్పదమైతే దారి వేరు. కమ్యుటేటర్ మీద, అంటే బ్రష్‌లు రాసుకునే రాగి ముక్కల వలయం మీద, నూనె ఎక్కువైతే అది కార్బన్ పొడితో కలిసి ముద్దై, ముక్కల మధ్య సందులు పూడ్చేస్తుంది. అప్పుడు మోటారు వేడెక్కుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ సందులను చెక్క పుల్లతోనే శుభ్రం చేయాలి, సూదితో గీకితే రాగి పాడవుతుంది. మూడు ధ్రువాల ఆర్మేచర్‌లో (మోటారులో తిరిగే, తీగ చుట్టిన భాగంలో) కమ్యుటేటర్ ముక్కల మధ్య నిరోధాన్ని జతలుగా కొలిస్తే మూడు అంకెలూ దాదాపు సమానంగా రావాలి. సాధారణంగా తీగ చుట్టే పద్ధతిలో ఒక జత మిగతా రెండింటికీ రెట్టింపు చూపిస్తే ఆ జత మధ్యనున్న తీగచుట్ట తెగిందని అర్థం.

డీసీసీ డీకోడర్ (పట్టాల గుండా వచ్చే డిజిటల్ ఆదేశాలను చదివి మోటారును నడిపే చిన్న సర్క్యూట్) పెట్టే ఆలోచన ఉన్నవారికి ఒక హెచ్చరిక. పాత ఇంజిన్లలో ఒక బ్రష్ తరచుగా లోహపు చట్రానికే కలిసి ఉంటుంది. డీకోడర్ నుంచి మోటారుకు వచ్చే నారింజ, బూడిద రంగు తీగలు రెండూ పట్టాల నుంచి పూర్తిగా వేరుగా ఉండాలి, లేకపోతే శక్తి ఇచ్చిన క్షణమే డీకోడర్ కాలిపోవచ్చు. ప్రోగ్రామింగ్ పట్టా మీద, అంటే డీకోడర్ అమరికలు చదివి మార్చే పట్టా మీద, డీకోడర్ విలువలు చదవడం కుదరకపోతే వెంటనే దాన్ని నిందించనక్కర్లేదు. జవాబుగా డీకోడర్ దాదాపు ఆరు మిల్లీసెకన్లపాటు కనీసం 60 మిల్లీఆంపియర్ల అదనపు కరెంటు లాగాలి, అందుకు సాధారణంగా మోటారునే వాడుకుంటుంది. మోటారు తీగ ఊడితే ఆ జవాబు వినిపించదు.

నా ఇంజిన్ ఇప్పుడు ఎడమ మలుపులో ఆగడం లేదు. పాయింటు (పట్టాల దారి రెండుగా చీలే చోటు) మధ్యలోని, కరెంటు పారని ప్లాస్టిక్ ముక్క దాటేటప్పుడు మాత్రం దీపం ఇంకా క్షణకాలం మిణుకుమంటోంది. రెండో పట్టా నుంచి కూడా కరెంటు అందేలా ముందు బోగీకి రెండు ఫాస్ఫర్ బ్రాంజ్ రేకులు కట్ చేసి పెట్టుకున్నాను. వాటిని చక్రాల వెనుక ముఖానికి ఆనేలా వంచడం మిగిలి ఉంది.