కొంగుముడిలో నంబరు

పెద్దవాళ్ల బాగోగుల సర్వే కోసం నిన్న అమలాపురం దగ్గర ఓ ఊరు వెళ్లాను. కొడుకు పక్కనున్నంతసేపూ మామ్మగారు "నాకేం లోటమ్మా" అన్నారు. ఆయన కొబ్బరి దింపు చూడ్డానికి వెళ్లగానే కళ్లజోడు తీసి చూపించారు. ఒక కాడ విరిగిపోతే పురికొస కట్టుకున్నారు. "ఏడాదైంది. అడిగితే కసురుతాడు. ఎకరం రాసిచ్చేశాక నా మాటకి విలువేముంది?"

ఇంట్లో ఎలా చూసుకుంటున్నారన్న ప్రశ్నలు పక్కన ఎవరూ లేనప్పుడే ఎందుకడగాలో అప్పుడు అర్థమైంది. 60 దాటినవాళ్లలో ప్రతి 6గురిలో ఒకరికి ఏడాదిలో ఇలాంటి నిర్లక్ష్యమో వేధింపో ఏదో ఒకటి తప్పడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి ఉంటే, తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద, ఇలాంటి ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయొచ్చని చెప్పాను. వృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567 అనీ చెప్పాను.

"వాడి పరువు పోతుందమ్మా" అన్నారు. నంబరు మాత్రం పెద్ద అంకెలతో రాయించుకుని కొంగున ముడేసుకున్నారు.