కుక్క నోట్లోంచి బయటపడ్డ డేగపుంజు

వీధికుక్క మా డేగపుంజును, అంటే ఎర్ర ఈకల కోడిపుంజును, వీపు దగ్గర పట్టుకుంది. మా ఆయన కర్ర విసిరితే వదిలేసి పారిపోయింది గానీ, పుంజు మాత్రం అక్కణ్ణుంచి లేవలేదు. "ఇంకేం బతుకుతుందమ్మాయ్, ప్రాణం ఉండగానే కోసేస్తే పోలా" అంది అత్తయ్య. పక్కింటివాళ్లయితే మసాలా నూరడం ఒక్కటే తక్కువ.

కోడికి ఎంత దెబ్బ తగిలినా కుక్కలా మూలగదు, మేకలా అరవదు. కళ్లు అరమూసి, మెడ లోపలికి లాక్కుని కూర్చుంటుందంతే. ఎర్రగా నెత్తురు కనబడితే చాలు, నిన్నటిదాకా వెంట తిరిగిన పెట్టలే వచ్చి పొడుస్తాయి. అందుకని ముందు దాన్ని వసారాలోకి తెచ్చి, గంప కింద పెట్టి, పైన గోనెపట్టా కప్పి చీకటి చేశాం. కోడి ఒంటి వేడి మామూలుగానే 106, 107 డిగ్రీల ఫారన్‌హీటు ఉంటుంది. మన చేతికి జ్వరంలా తగిలితేనే అది బాగున్నట్టు. ఆ పూట దాని కాళ్లు చల్లగా ఉన్నాయి. వేణ్ణీళ్ల సీసాకు పాత చీర ముక్క చుట్టి పక్కన ఆనించాను. నోరు తెరిచి నీళ్లు పోయమన్నారు గానీ పోయలేదు. నాలుక వెనకే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది, నీళ్లు అందులోకి దిగితే కుక్క చెయ్యలేని పని మనం చేసినట్టవుతుంది. ముక్కు అంచుకి చుక్క అంటిస్తే తనే చప్పరించింది.

గాయం కడగడానికి పట్టుకోవడం దగ్గరా జాగ్రత్త కావాలి. రొమ్ము ఎముక కదిలితేనే కోడికి ఊపిరి ఆడుతుంది. అక్కడ గట్టిగా అదిమితే గుక్క తిప్పుకోలేదు. తువ్వాలుతో రెక్కలు చుట్టి, రొమ్ము వదులుగా ఉంచి మా ఆయన పట్టుకున్నారు. ఈకలు విడదీసి చూస్తే పైకి చిన్న చిన్న చిల్లులే. ఒకదాని పక్కన వేలు ఆనిస్తే చర్మం కింద మాంసం విడిపోయి, జారుతున్నట్టు తగిలింది. చుట్టూ ఈకలు కత్తెరతో కత్తిరించి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు సూది తీసేసిన సిరంజితో కొట్టాను. ఆ తర్వాత బెటాడిన్‌ను నీళ్లలో పల్చటి టీ రంగు వచ్చేదాకా కలిపి మళ్లీ కడిగాను. అప్పటికే నా వేలికి కత్తిపీట గాటు ఉంది. కుక్క చొంగ ఇంకా తడిగానే ఉందని గుర్తొచ్చి, సబ్బుతో పావుగంట చెయ్యి కడుక్కుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చూపించుకున్నాను. రేబిస్ పాలిచ్చే జంతువుల జబ్బు, కోడి సంగతేమో గానీ నేను ఆ జాబితాలోనే ఉన్నాను కదా.

మర్నాడు పశువుల ఆసుపత్రిలో గేదెలూ మేకలూ ఉన్న వరసలో బుట్టతో నిలబడితే అందరూ నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు. బరువు తూచి, దాన్నిబట్టి యాంటీబయాటిక్కూ, నొప్పికి మందూ రాశారు. "చీము కారట్లేదు కదాని ఊరుకోకండమ్మా. కోళ్లకి చీము మనలా కారదు, లోపలే జున్నుముక్కలా గట్టిపడుతుంది. గట్టిగా తగిలితే వెంటనే తీసుకురండి" అన్నారు. అత్తయ్య చెప్పినట్టు పసుపు ముద్ద కూరనా అని అడిగితే, పైన గాటుకైతే పర్లేదు గానీ, లోతు చిల్లు మూతపడితే లోపలే కుళ్లుతుందన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు: మందులు పడ్డాక కొన్నాళ్లు ఆ మాంసం తినకూడదని. ఇంటికొచ్చి ఆ మాట రెండిళ్లకి వినబడేలా చెప్పాను. మసాలా ఆలోచన అక్కడితో ఆగింది.

నిజానికి మందులకన్నా కాపలా ఎక్కువ పని. వానాకాలం, ఈగలు. అవి పుండు మీద గుడ్లు పెడితే ఒక్కరోజులో పురుగులైపోతాయి. గంపకు పాత దోమతెర కట్టాం. పొద్దున్నే మెడ కింద మేత సంచి తడిమేదాన్ని, రాత్రి తిన్నది తెల్లారేసరికి దిగిపోవాలి. రెట్ట కూడా చూసేదాన్ని. మొదట్లో పచ్చగా నీళ్లలా పడింది. కడుపులో తిండి లేకపోతే వట్టి పైత్యరసమే అలా వస్తుంది. ఉడికించిన గుడ్డు నలిపి నూకల్లో కలిపి పెడితే "కోడికి కోడిగుడ్డేంటే!" అని అత్తయ్య ముక్కున వేలేసుకుంది. కానీ పుంజు తిన్నది ముందు అదే.

మా తణుకు వైపు 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాల్లో కోళ్లను పూడ్చిపెట్టిన దగ్గర్నుంచి, కునికే కోడిని చూస్తే చాలు జనం గుమ్మం దాటి రారు. పాలబ్బాయి కూడా చెంబు గేటు దగ్గరే పెట్టమన్నాడు. గాయం చూపించాక గానీ నమ్మలేదు.

రెట్ట మట్టిరంగుకి తిరిగి మీద తెల్లమచ్చ కనబడ్డాక నాకు ధైర్యం వచ్చింది. ఆ తర్వాత ఓ తెల్లవారుజామున వసారాలోంచి గొంతు పగిలిన కూత. సగంలో ఆగింది. పెరట్లోంచి పిల్లపుంజు పూర్తిగా కూసి జవాబిచ్చింది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఇది మంచాన పడ్డన్నాళ్లూ పెట్టల పెత్తనమంతా ఆ పిల్లపుంజుదే. ఒక్కసారిగా వదిలితే మళ్లీ నెత్తురే. మధ్యలో వల కట్టి కొన్నాళ్లు ఎదురెదురుగా మేత వేశాం. వల తీశాక కూడా రెండూ మెడ ఈకలు నిక్కించుకోవడం మానలేదు. చివరికి పిల్లపుంజును మా పిన్ని వాళ్లూరు పంపించేశాం.

కుక్క పీకిన చోట కొత్త ఈకలు మొలిచాయి. నేను కత్తిరించిన చోట మాత్రం మోళ్లే ఉన్నాయి, ఈకలు రాల్చే కాలం దాకా అవి అంతే. సంక్రాంతి ముందు ఒకాయన వచ్చి, కుక్కతో పోరాడి నిలిచిన డేగ మొండిఘటం, పందేనికి ఇస్తారా అని అడిగాడు. పందేలు చట్టవిరుద్ధమని నేను మొదలుపెట్టేలోపే, కోసేద్దామన్న అత్తయ్యే ఆయన్ను వాకిట్లోంచి సాగనంపింది. ఎడమకాలు ఇంకా కొంచెం కుంటుతుంది. జామచెట్టు కొమ్మ మీదికి ఎగరలేకపోతోందని, మా ఆయన మోకాలెత్తున ఓ చెక్క బిగించారు.